బేసిన్ కింద బోలెడంత కథ!

వంటింటికి ఏ రంగు మైకా వేయించాలో నెల రోజులు చర్చిస్తారు. హాల్లో సోఫా కోసం పది షాపులు తిరుగుతారు. పూజగది తలుపుకి ఎన్ని గంటలుండాలో కూడా లెక్క తేలిపోతుంది. బాత్రూమ్ దగ్గరికొచ్చేసరికి మాత్రం 'ఏదో ఒకటి పెట్టేయ్ మేస్త్రీ' అనేస్తారు. రెండు వానాకాలాలు గడిచాక చూస్తే... బేసిన్ కింద ముచ్చటపడి చేయించిన అలమర తలుపు ఉబ్బిపోయి మూత పడదు. అడుగు పలక తడిసిన అట్టలా పొరలు పొరలుగా విడిపోతుంది. బందులు తుప్పు పట్టి కిర్రుమంటాయి. లోపల చెయ్యి పెడితే బొద్దింకలు!

తప్పు మేస్త్రీది మాత్రమే కాదు, అలమరదీ కాదు. ఎక్కడ పెడుతున్నాం, ఎవరు వాడతారు, నీళ్లు ఎటు పారతాయి అన్న మూడు ప్రశ్నలు ముందు ఎవరూ అడక్కపోవడమే అసలు తిరకాసు. పాత ఇంటికి మరమ్మతులు చేయిస్తూ, బాత్రూమ్‌లో కొలతకు తగ్గట్టు 'వ్యానిటీ' కట్టించుకోవాలనుకునేవారు ఆ ప్రశ్నల దగ్గరే మొదలుపెట్టాలి.

గోలెం నుంచి గ్రానైట్ దాకా...

వ్యానిటీ అంటే మరేమీ కాదు. పైన రాతి పలక, దాంట్లోనో దానిమీదో బేసిన్, కింద సొరుగులూ తలుపులూ ఉన్న అలమర, ఎదురుగా అద్దం. ఇంగ్లిషులో అలంకరణ బల్లకి ఉన్న పేరే బాత్రూమ్‌లోకీ వచ్చింది. మనకి కొత్తదేమీ కాదు లెండి. పెరట్లో నూతి గట్టు, పక్కన నీళ్ల గోలెం, గోడ గూట్లో పళ్లపొడి డబ్బా, మేకుకి వేలాడే చేతి అద్దం... ఒకప్పుడు తెలుగింటి వ్యానిటీ అదే!

ఆ తర్వాత గోడకి తెల్లటి పింగాణీ బేసిన్లు వచ్చాయి. బేసిన్ కింద సామాను పెట్టుకోవడానికి రెండు పక్కలా ఇటుక కట్టి మధ్యలో కడప బండ వేయించినవారూ ఉన్నారు. చూడ్డానికి మోటుగా ఉన్నా ఆ బండకి చెదలు పట్టవు, నీళ్లకి ఉబ్బదు. అందుకే చాలా పాత ఇళ్లలో చెక్క అలమరలు మారిపోయినా కడప బండలు మాత్రం చెక్కుచెదరకుండా ఉంటాయి. ఇప్పుడు వ్యానిటీ చేయించుకునేవారు నేర్చుకోవాల్సిన మొదటి పాఠం ఆ బండ దగ్గరే ఉంది: అందం సంగతి తర్వాత, ముందు నీళ్లని తట్టుకోవాలి.

పుస్తకంలో బొమ్మ వేరు, మన స్నానాలగది వేరు

షోరూమ్‌లోనూ రంగురంగుల పుస్తకాల్లోనూ కనిపించే వ్యానిటీలు చాలావరకూ పొడి బాత్రూమ్‌ల కోసం పుట్టినవి. అక్కడ స్నానం అద్దాల గదిలోనో తొట్టిలోనో జరుగుతుంది, నేల తడవదు. మన దగ్గర అలా కాదు. బకెట్టు, మగ్గు, కూర్చోవడానికి ప్లాస్టిక్ స్టూలు... నీళ్లు నాలుగు వైపులా చిందాల్సిందే. వారానికోసారి నేలంతా నీళ్లు కొట్టి చీపురుతో కడగాల్సిందే. నేలని ఆనుకుని నిలబడే అలమర ఆ నీళ్లలో ఎన్నాళ్లు ఉంటుంది?

అందుకే అలమర అడుగు నేలకి కనీసం తొమ్మిది, పది అంగుళాల ఎత్తులో ఉండేలా గోడకి వేలాడదీయడం మంచిది. కింద చీపురు దూరుతుంది, నీళ్లు పారిపోతాయి, చెదలకి నేల మీంచి దారీ సులువుగా దొరకదు. చోటుంటే స్నానం చేసే వైపుకీ బేసిన్ వైపుకీ మధ్య చిన్న అద్దం పలకో, ఒక అంగుళం గట్టో పెట్టిస్తే తడి భాగం, పొడి భాగం వేరవుతాయి. ఇరుకు బాత్రూమైతే మరో దారి ఉంది. మన ఇళ్లలో భోజనాల గది మూల చేతులు కడుక్కునే బేసిన్ ఎలాగూ ఉంటుంది. అలమర, అద్దం హంగులన్నీ దానికి పెట్టించి, బాత్రూమ్‌లో ఒట్టి బేసిన్, గోడకి చిన్న అరతో సరిపెట్టుకోవచ్చు. అలా చేస్తే ఖర్చూ తగ్గుతుంది, పొద్దున్న వేళ బాత్రూమ్ తలుపు దగ్గర క్యూ కూడా తగ్గుతుంది!

కొలత ఎప్పుడు తీయాలి?

రెడీమేడ్ వ్యానిటీలు 24, 30, 36 అంగుళాల్లాంటి కొలతల్లో దొరుకుతాయి. మీ గోడకీ తలుపుకీ మధ్య మిగిలింది 33 అంగుళాలైతే? 36 పట్టదు, 30 పెడితే పక్కన మూడంగుళాల సందు. చెయ్యి పట్టని ఆ సందులోనే బూజూ మురికీ చేరతాయి. కొలతకి చేయించుకోవడంలో ఉన్న సుఖం అదే.

అయితే ఇక్కడే చాలామంది తొందరపడతారు. పాత టైల్స్ పగలగొట్టగానే కొలత తీసి కార్పెంటర్‌కి ఇచ్చేస్తారు. కొత్త టైలూ, దాని వెనక సిమెంటూ కలిసి ఒక్కో గోడ దగ్గర ముప్పావు అంగుళం నుంచి అంగుళం దాకా మింగేస్తాయి. రెండు గోడల మధ్య 36 అంగుళాలు ఉందనుకున్నది టైల్స్ పడ్డాక 34కి వస్తుంది. తయారైన అలమర లోపలికి దూరదు! అందుకని పైపుల స్థానం టైల్స్ కన్నా ముందు ఖాయం చేయాలి, అలమర కొలత టైల్స్ పడ్డాకే తీయాలి. అదీ ఒక్కచోట కాదు... కింద, మధ్యలో, పైన మూడుచోట్ల. పాత గోడలు ఎప్పుడూ తిన్నగా ఉండవు. మూలమట్టం పెట్టి చూడమని మేస్త్రీకి చెప్పండి. మూడింటిలో చిన్న కొలతే అసలు కొలత.

వాస్తు చూసుకునే ఇళ్లలో బేసిన్ ఎటువైపు ఉండాలో కూడా పైపులకి ముందే తేల్చుకోవాలి. టైల్స్ అయ్యాక మార్చాలంటే మళ్లీ సుత్తీ ఉలీ తప్పవు.

ఇంకో చిట్కా. ఇంట్లో పాత దినపత్రికలు ఉంటాయిగా... అలమర వెడల్పూ లోతూ ఎంతో ఆ కొలతకి కాగితాలు అతికించి నేల మీద పరిచి చూడండి. బాత్రూమ్ తలుపు తీసినప్పుడు తగులుతోందా, కమోడ్ మీద కూర్చుంటే మోకాలు తగులుతోందా, సొరుగు లాగితే మనిషి నిలబడే చోటుందా అన్నది అప్పుడే తెలిసిపోతుంది. కాగితం కోసుకోవడం తేలిక, గ్రానైట్ కోయడం కష్టం!

'నాకెందుకమ్మా' అంటే వదిలేయకండి

చాలా ఇళ్లలో జరిగేదే ఇది. కోడలు టేపు పట్టుకుని 'మామయ్యగారూ, ఒక్కసారి ఇలా వచ్చి నిలబడండి, ఎత్తు చూద్దాం' అంటుంది. పెద్దాయన పేపర్ మీంచి తలెత్తకుండానే 'నాకెందుకమ్మా, మీకెలా బాగుంటే అలా పెట్టించుకోండి' అంటాడు. అక్కడితో ఆ మాట అయిపోతుంది. కానీ ఆ బేసిన్ మీద అందరికన్నా ఎక్కువ ఆధారపడేది ఆయనే!

మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు స్నానం అయ్యాక స్టూలు మీంచి లేచేటప్పుడు చేతికి ఏది అందితే దాన్ని పట్టుకుంటారు. అందేది బేసిన్ అంచే. గోడకి రెండు బోల్టులతో బిగించిన పింగాణీ బేసిన్ మనిషి బరువు మోయడానికి చేసింది కాదు. ఊడిపడితే మనిషి పడటం ఒక ప్రమాదం, పగిలిన పింగాణీ ముక్క కత్తిలా కోయడం మరొకటి. ఈ వయసులో తుంటి ఎముక విరిగితే మళ్లీ లేచి నడవడానికి నెలలు పడుతుంది. కొందరు మునుపటిలా నడవలేకపోవచ్చు కూడా. ఇల్లు బాగుచేయించే లక్షల ఖర్చులో ఒక స్టీలు పట్టుకొమ్మ ఖర్చెంత?

టైల్స్ వేయడానికి ముందే, పెద్దవాళ్లు ఎక్కడ కూర్చుంటారో, లేచేటప్పుడు చెయ్యి ఎక్కడికి వెళుతుందో వాళ్లనే అడిగి, అక్కడ గోడలో గట్టి పట్టు ఉండేలా చూడాలి. పట్టుకొమ్మని ఇటుకలోకి దిగేలా బిగించాలి, టైలుకి అతికించి వదిలేస్తే చాలదు. వీల్‌చెయిర్ అవసరమైన వాళ్లు ఇంట్లో ఉంటే బేసిన్ కింద అలమర పెట్టకుండా మోకాళ్లు దూరేలా ఖాళీ వదిలి, సొరుగులు పక్కకి జరిపించవచ్చు. రెడీమేడ్‌లో అలా కావాలంటే వెతుక్కోవాల్సిందే. చేయించుకునేటప్పుడు నోటిమాటతో పని.

ఇక ఎత్తు. నేల నుంచి బేసిన్ అంచు దాకా 32 నుంచి 34 అంగుళాలుంటే సాధారణంగా ఇంట్లో పెద్దలందరికీ సరిపోతుంది. మరీ పొడగరులుంటే 36 దాకా వెళ్లొచ్చు. ఇక్కడా ఓ తిరకాసు ఉంది. రాతిపలక మీద గిన్నెలా కూర్చునే బేసిన్లు ఇప్పుడు బాగా వాడుతున్నారు. ఆ గిన్నె ఎత్తే ఐదారు అంగుళాలు. పలకని 33 అంగుళాల్లో పెట్టి దాని మీద గిన్నె పెడితే అంచు 38కి చేరుతుంది. ముఖం కడుక్కుంటే నీళ్లు మోచేతుల మీంచి చొక్కాలోకి! గిన్నె బేసిన్ కొనాలనుకుంటే పలకని 27, 28 అంగుళాలకి దించాలి. అంటే బేసిన్ ఏదో తేల్చుకున్నాకే అలమర ఎత్తు రాయాలి. పిల్లల కోసం మొత్తం కిందికి దించనక్కర్లేదు. అలమర అడుగున నిలబడి తోముకునే పీట పట్టేంత చోటు వదిలితే చాలు, వాళ్లు నాలుగేళ్లలో ఎదిగిపోతారు.

చెక్కా, ప్లైవుడ్డా, ప్లాస్టిక్కా?

'సార్, వాటర్‌ప్రూఫ్ ప్లై వేస్తాను, పదేళ్లు చూసుకోనక్కర్లేదు' అంటాడు కార్పెంటర్. ఏ వాటర్‌ప్రూఫ్? అన్నదే ప్రశ్న. షాపులో 'కమర్షియల్' అని పిలిచే ఎమ్మార్ రకం ప్లైవుడ్ గాలిలో తేమని తట్టుకుంటుందే గానీ నీళ్లని కాదు. పడకగది బీరువాకి అది చాలు. బీడబ్ల్యూఆర్ రకం దానికన్నా మెరుగు. బాత్రూమ్‌కి అన్నిటికన్నా నమ్మకమైనది మెరైన్ ప్లైవుడ్. దానికి భారతీయ ప్రమాణం ఐఎస్ 710. ఆ ప్రమాణం ప్రకారం ప్లైవుడ్ ముక్కని 72 గంటలు మరిగే నీళ్లలో ఉంచినా పొరల మధ్య జిగురు వదలకూడదు.

అయితే షీటు మీద 'మెరైన్' అని అచ్చేసినంత మాత్రాన సరిపోదు. ఐఎస్ఐ ముద్ర, దాని మీద ఐఎస్ 710 అన్న అంకె, కింద సీఎం/ఎల్ తో మొదలయ్యే లైసెన్సు నంబరు ఉన్నాయా చూడాలి. భారతీయ ప్రమాణాల సంస్థ వారి 'బీఐఎస్ కేర్' యాప్‌లో ఆ నంబరు కొడితే లైసెన్సు ఎవరిదో, అమల్లో ఉందో లేదో తెలిసిపోతుంది.

'మెరైన్ అయితే ఖర్చెక్కువ కదా' అని వెనకాడేవారు ఒక్క లెక్క చూడండి. 36 అంగుళాల వెడల్పు, 18 లోతు, 22 ఎత్తున్న అలమరకి రెండు పక్క పలకలు, అడుగు, లోపల ఒక అర, ముందు తలుపులు... అన్నీ కలిపితే సుమారు 20 చదరపు అడుగులు. ఎనిమిదడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు షీటు ఒక్కటి 32 చదరపు అడుగులు. అంటే మొత్తం అలమర ఒక్క షీటులో అయిపోతుంది! వెనక పలకకి పల్చటి ముక్క మాత్రం వేరే కావాలి. నాసిరకానికీ మేలురకానికీ ఉన్న తేడాని మీరు కట్టేది ఒక్క షీటుకే. కూలీ మాత్రం రెండింటికీ ఒకటే. నాసిరకం పాడైతే ఆ కూలీ మళ్లీ మొదట్నుంచీ కట్టాలి.

ఎంత మంచి ప్లైవుడ్ అయినా కోసిన అంచుల్లోంచి నీళ్లు తాగుతుంది. పైన మైకా మెరుస్తుంటుంది, లోపల అంచు పచ్చిగా వదిలేస్తారు. పైపు కోసం చేసిన రంధ్రం చుట్టూ, అడుగు పలక కింది అంచుకీ పట్టీయో పాలిషో సీలెంటో ఏదో ఒకటి పడిందా అని చెయ్యి పెట్టి తడిమి చూడండి.

డబ్ల్యూపీసీ, పీవీసీ బోర్డులకి ఆ బాధ లేదు. అవి నీళ్లు తాగవు, చెదలు పట్టవు. తడి ఎక్కువుండే ఇరుకు బాత్రూమ్‌లకి మంచివే. కానీ ప్లైవుడ్‌లో లాగా వాటిలో స్క్రూ పట్టు ఉండదు. మాటిమాటికీ తీసే తలుపుల బందులు వదులైపోతుంటాయి. పొడవాటి అరలో బరువు పెడితే నడుమ వంగుతుంది. వీటితో చేయిస్తే తలుపులు చిన్నవిగా, అరలు పొట్టిగా ఉండాలి. ఎండీఎఫ్ జోలికి బాత్రూమ్‌లో వెళ్లకపోవడమే మేలు. ఒక్కసారి నీళ్లు లోపలికి దిగాయంటే ఉబ్బిన బోర్డు మళ్లీ మామూలవదు. టేకు చెక్క అయితే రాజాలాంటిది... కాకపోతే బాగా ఆరిన చెక్క దొరకాలి, పనితనం ఉన్న వడ్రంగి దొరకాలి, రెండేళ్లకోసారి పాలిష్ పెట్టించే ఓపిక ఉండాలి.

తలపైన రాయి

పలకకి రాయి వెతుక్కోవడానికి తెలుగువాళ్లు దూరం వెళ్లనక్కర్లేదు. నల్లటి రాతిలో చుక్కలు మెరిసే బ్లాక్ గెలాక్సీ గ్రానైట్ ప్రకాశం జిల్లా చీమకుర్తిది. గోధుమ రంగు టాన్ బ్రౌన్ కరీంనగర్ ప్రాంతానిది. గ్రానైట్ గట్టిది, బాత్రూమ్ క్లీనర్లలోని ఆమ్లాలని చాలావరకూ తట్టుకుంటుంది. పాలరాయి అలా కాదు. అందులో ఉండేది సున్నపు పదార్థం. నిమ్మరసం, వెనిగర్, టాయిలెట్ క్లీనర్ ఏది పడినా మెరుపు పోయి మచ్చ పడుతుంది. కడప బండా సున్నపురాయే కాబట్టి దానికీ ఇదే జాగ్రత్త.

బోరు నీళ్లు వాడే ఇళ్లలో నల్లటి పలక మీద తెల్లటి ఉప్పు మరకలు కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి. రోజూ తుడిచే ఓపిక లేకపోతే చుక్కలున్న లేత రంగు రాయి ఎంచుకోండి. పలక ముందు అంచు అలమర కన్నా అంగుళం ముందుకి ఉండాలి. ఆ అంచు అడుగున సన్నటి గాడి ఒకటి కొట్టించాలి. పలక మీంచి జారిన నీటిబొట్టు వెనక్కి పాకకుండా ఆ గాడి దగ్గరే ఆగి కింద పడిపోతుంది. రాయి కోసేవాళ్లకి నిమిషాల పని. అలమర తలుపులకి ఏళ్ల ఆయుష్షు.

బరువు సంగతీ మర్చిపోకూడదు. 18 మిల్లీమీటర్ల గ్రానైట్ చదరపు అడుగుకి దాదాపు నాలుగున్నర కిలోలు తూగుతుంది. మూడడుగుల పొడవు, అడుగున్నర లోతు పలకంటే 20 కిలోలు. దానికి బేసిన్, సామాను, ఆనుకుని నిలబడే మనిషి తోడు. ఈ భారం అలమర మీద వేయకూడదు. గోడలోకి దిగిన ఇనుప యాంగిళ్లు మోయాలి. ఇప్పటి అపార్ట్‌మెంట్లలో తేలికపాటి ఏఏసీ బ్లాకుల గోడలుంటాయి. వాటికి మామూలు బోల్టులు పట్టవు, ఆ బ్లాకుల కోసమే చేసిన యాంకర్లు వాడాలి. గోడ దేంతో కట్టారో ముందే మేస్త్రీకి చెప్పండి.

తలుపు వెనక సంగతులు

బేసిన్ కింద వంకర తిరిగిన పైపుని ట్రాప్ అంటారు. అందులో ఎప్పుడూ కాసిని నీళ్లు నిలిచి ఉండి, డ్రైనేజీ వాసనని ఇంట్లోకి రాకుండా అడ్డుకుంటాయి. జుట్టూ సబ్బూ పేరుకునేదీ అక్కడే. దాన్ని విప్పడానికి చెయ్యి తిరిగే చోటు లేకుండా సొరుగులతో కప్పేస్తే, ఓ రోజు ప్లంబర్ వచ్చి అలమరనే విప్పాల్సి వస్తుంది. పై సొరుగుని ట్రాప్ చుట్టూ మలుపు తిరిగేలా చేయించవచ్చు, లేదా అక్కడ తలుపు మాత్రమే పెట్టి సొరుగులు పక్కకి ఇవ్వొచ్చు. నీళ్లు కట్టేసే యాంగిల్ కాక్‌లు తలుపు తీయగానే అందాలి.

తలుపులకి గాలి ఆడే సన్నటి సందులో, జాలీ పట్టీలో ఉంటే తడి ఆరుతుంది. బందులకి 304 రకం స్టెయిన్‌లెస్ స్టీల్ అడగండి. చవకైన 202 రకం తేమకి త్వరగా తుప్పు పడుతుంది. అయస్కాంతం అంటుకోకపోతే 304 అని కొందరు పరీక్ష పెడతారు. మామూలుగా ఈ రెండు రకాలకీ అయస్కాంతం అంటుకోదు, కాబట్టి ఆ పరీక్షతో తేడా తెలియదు. బిల్లు మీద రకం రాయించుకోవడమే దారి. అద్దం పక్కన షేవింగ్ మిషన్‌కో హెయిర్ డ్రయర్‌కో ప్లగ్ పెట్టించుకుంటే అది నీళ్లు చిందని చోట ఉండాలి. ఇంటి మెయిన్‌లో 30 మిల్లీయాంపియర్ల ఆర్‌సీసీబీ ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌ని అడగాలి. తడి చేతికి షాక్ కొడితే కరెంటుని అది కట్టేస్తుంది.

ఆర్డరిచ్చే ముందు...

* బేసిన్, కుళాయి ముందు కొనండి. వాటిని చూసుకునే కార్పెంటర్ రంధ్రాలు, ఎత్తు నిర్ణయించాలి.

* వెడల్పు, లోతు, ఎత్తు, సొరుగుల సంఖ్య ఒక కాగితం మీద బొమ్మగా గీయించి, ఇద్దరూ చెరో ప్రతి ఉంచుకోండి.

* ప్లైవుడ్ రకం, మందం, మైకా నంబరు, బందుల రకం అంచనాలోనే రాయించండి. 'మంచిది వేస్తాం' అన్న మాటకి కొలత ఉండదు.

* కుదిరితే మేస్త్రీతో కలిసి షాపుకి మీరూ వెళ్లండి. షీటు మీది ముద్ర కోయకముందే చూడాలి.

* డబ్బు విడతలుగా ఇవ్వండి. చివరి విడత బిగించాక కాదు, బేసిన్ నిండా నీళ్లు పట్టి ఒక్కసారిగా వదిలి, కింద చుక్క కారడం లేదని చూశాక.

వాడుకలోనే ఉంది వయసు

కట్టించడంతో పనైపోదు. పలకకీ గోడకీ మధ్య సిలికాన్ పట్టీ ఏడాదికోసారి చూసుకోవాలి. నల్లబడినా, ఊడినా కొత్తది వేయించాలి. కుళాయి మీద ఉప్పు మరకలకి వెనిగర్ తడిపిన గుడ్డ చాలు, పాలరాతి మీద మాత్రం అది పడనీయకండి. యాసిడ్ సీసా అలమర లోపల దాచకండి. దాని ఆవిరికే బందులు తుప్పు పడతాయి, పిల్లల చేతికి అందితే మరీ ప్రమాదం. రాత్రి పడుకునే ముందు పలక మీద నీళ్లు ఓ పాతగుడ్డతో తుడిచే అలవాటు ఇంట్లో ఒక్కరికున్నా చాలు.

ఇంటికొచ్చిన చుట్టాలు మెచ్చుకునేది హాలునే కావచ్చు. ఇంట్లోవాళ్లు మాత్రం పొద్దున్నే మొదట నిలబడేది, రాత్రి చివర్న నిలబడేది ఈ బేసిన్ ముందే. తాతయ్య చెయ్యి పట్టుకొమ్మ మీద, మనవడి కాళ్లు పీట మీద ధైర్యంగా నిలిచాయంటే... ఆ వ్యానిటీకి పెట్టిన ప్రతి రూపాయీ గిట్టినట్టే!